కరెంటు ఆదాలో కార్మికుడి వాటా

(జూన్ 5, ప్రపంచ పర్యావరణ దినం నాడు బెంగుళూరులో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం. ఆ రోజు షిఫ్టులో ఉండి రాలేకపోయిన సభ్యుల కోరికపై ప్రచురిస్తున్నాం. - సంపాదకవర్గం)



ఈ రోజు మన ఎజెండాలో మూడు విషయాలున్నాయి. బోనస్ బకాయిల గురించీ, కాంట్రాక్టు కార్మికుల పి.ఎఫ్. గురించీ ఇంతకుముందే మాట్లాడుకున్నాం. మూడోది కొత్త ఒప్పందం కోసం మనం యాజమాన్యాలకు ఇవ్వబోయే కోరికల పత్రం. జీతం, డి.ఏ., క్యాంటీను, సెలవులు ఎప్పటిలాగే ఉన్నాయి. వాటితో పాటు ఈసారి ఒక కొత్త కోరిక చేర్చాలని కార్యవర్గం అనుకుంది. మిల్లులో ఇంధనం, నీరు, పొగ, వ్యర్థాలకు సంబంధించి ఏ మార్పు చేసినా దాంట్లో కార్మికుల మాట ఉండాలి, మిగులులో కార్మికుల వాటా ఉండాలి అన్నదే ఆ కోరిక.

ఇది విని కొందరు సభ్యులు ముఖం చిట్లించారు. "ఏమన్నా, కడుపు నిండినోళ్ళ మాటలు మనకెందుకు? చెట్లు, గాలి, సోలారు అవన్నీ దొరలు చూసుకుంటారు. మనకు ముందు జీతం కావాల" అని ఒక తమ్ముడు సూటిగానే అడిగాడు. అడగవలసిన ప్రశ్నే అడిగాడు. నేను ఈ రోజు ఆ ప్రశ్నకే జవాబు చెప్పదలచుకున్నాను.

వచ్చిపోతున్న ఈ కొత్త మనుషులు ఎవరు?

ఈ మధ్య మీ మీ మిల్లుల్లో కొత్త ముఖాలు చూస్తున్నారు. తెల్ల టోపీ పెట్టుకుని, చేతిలో మీటరు పట్టుకుని మోటారు మోటారుకూ తిరిగి కరెంటు కొలుస్తాడు ఒకాయన. బాయిలరు గొట్టం దగ్గర పొగ వేడి ఎంతుందో చూస్తాడు ఇంకొకాయన. డైయింగు వెనకాల ఉన్న నీటి శుద్ధి ప్లాంటులో సీసాల్లో నీళ్ళు పట్టుకుపోతుంది ఒకమ్మాయి. ఇంకొకరు కప్పు ఎక్కి సోలారు పలకలకు కొలతలు వేస్తున్నారు. మన బట్ట కొనే విదేశీ కంపెనీల తరఫున కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్ళు వేరే.

వీళ్ళంతా ఊరికే రావడం లేదు. వీళ్ళ వెనక చట్టం ఉంది. 2001లో పార్లమెంటు ఇంధన పొదుపు చట్టం చేసింది. దాని ప్రకారం 2002 మార్చిలో ఢిల్లీలో ఇంధన సామర్థ్య బ్యూరో ఏర్పడింది. ఎక్కువ ఇంధనం వాడే పరిశ్రమలు లెక్కలు ఇవ్వాలి, ఆడిట్ చేయించుకోవాలి, పరీక్ష పాసైన ఎనర్జీ మేనేజరును పెట్టుకోవాలి. సిమెంటు, ఉక్కు, ఎరువులు, కాగితం, అల్యూమినియం వంటి పరిశ్రమలతో పాటు మన జౌళి పరిశ్రమ కూడా ఆ జాబితాలో ఉంది. ఏడాదికి 3,000 టన్నుల చమురుకు సమానమైన ఇంధనం వాడే జౌళి మిల్లు దాని కిందికి వస్తుంది.

2012లో దీనికి ఒక పథకం జోడించారు. ప్రతి పెద్ద మిల్లుకూ ఇంత ఇంధనం తగ్గించాలి అని ఒక లక్ష్యం పెడతారు. లక్ష్యం కంటే ఎక్కువ ఆదా చేసిన మిల్లుకు సర్టిఫికెట్లు ఇస్తారు. లక్ష్యం చేరని మిల్లు ఆ సర్టిఫికెట్లు కొనుక్కోవాలి. 2023లో కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకం నోటిఫై అయింది. అందులోనూ జౌళి రంగాన్ని చేర్చారు.

ఒక్క విషయం గట్టిగా గుర్తు పెట్టుకోండి. ఆదా చేసిన ఇంధనానికి ఒక కాగితం పుడుతోంది. ఆ కాగితానికి మార్కెట్లో ధర ఉంది. ఆ ఆదాలో మన చెయ్యి ఉంది. కాగితం మీద మాత్రం మన పేరు లేదు.

మన ప్రాంతానికి ఇది కొత్త కాదు

నీళ్ళ నుంచి కరెంటు తీయడంలో దేశానికి దారి చూపిన ప్రాంతాల్లో మనది ఒకటి. 1902 జూన్‌లో కావేరి మీద శివనసముద్రం దగ్గర కరెంటు పుట్టించి దాదాపు 147 కిలోమీటర్ల దూరం తీగల మీద పంపారు. ఎక్కడికి? కోలారు బంగారు గనులకు. మన బెంగుళూరు వీధి దీపాలకు కరెంటు వచ్చింది మూడేళ్ళ తర్వాత, 1905 ఆగస్టులో. ఆ తర్వాతే మన మిల్లుల మోటార్లూ తిరిగాయి.

నీటి నుంచి పుట్టిన కరెంటుకు పొగ లేదు, బొగ్గు లేదు. ఇప్పటి భాషలో దాన్ని 'శుభ్రమైన ఇంధనం' అంటారు. కాని ఆ కరెంటుతో నడిచిన గనుల్లో ఏం మిగిలింది? తమిళ, తెలుగు కార్మికులు తరాల తరబడి భూమి లోపల మైళ్ళ లోతుకు దిగి రాయి కొట్టారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. బంగారం వెళ్ళిపోయింది, కంపెనీ వెళ్ళిపోయింది. ఊరి మధ్య సైనైడ్ మట్టి దిబ్బలు మిగిలాయి. గాలి లేస్తే ఆ దుమ్ము ఇళ్ళలోకి వస్తుంది. మన సభ్యుల్లో కె.జి.ఎఫ్. నుంచి వచ్చిన కుటుంబాలున్నాయి, వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు.

అంటే కరెంటు శుభ్రమైనదైతే చాలదు. ఎవరి పని పోయింది, ఎవరి ఊపిరితిత్తుల్లోకి దుమ్ము పోయింది అన్నది కూడా లెక్కలోకి రావాలి. ఆ లెక్క ఇంజనీరు మీటరులో కనబడదు. దాన్ని వేయవలసినది మనమే.

అందరినీ ఒకే గాటన కట్టకండి

మీటరు పట్టుకుని వచ్చినవాడల్లా యాజమాన్యం మనిషి అనుకోవడం సరి కాదు. మన బెంగుళూరులోనే వేరే రకం మనుషులు ఉన్నారు. ప్రొఫెసర్ అమూల్య రెడ్డి గారి పేరు విన్నారా? 1930లో బెంగుళూరులో పుట్టారు. విద్యుత్ రసాయన శాస్త్రంలో ప్రపంచమంతా చదివే పుస్తకం రాసిన వారిలో ఒకరు. మన ఊళ్ళోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పనిచేశారు. 1974లో అక్కడే 'అస్త్ర' అనే విభాగం మొదలుపెట్టారు. గ్రామాలకు పనికివచ్చే విజ్ఞానం తయారు చేయడమే దాని పని.

తక్కువ కట్టెతో వండుకునే, పొగ గొట్టం ఉన్న అస్త్ర పొయ్యి అక్కడి నుంచే వచ్చింది. కర్ణాటకలో ఎన్నో ఇళ్ళలో ఆ పొయ్యి పెట్టారు. తుమకూరు జిల్లా కుణిగల్ తాలూకా పుర అనే ఊళ్ళో పేడ గ్యాసుతో ఇంజను నడిపి ఊరికి తాగునీళ్ళు, దీపాలు ఇచ్చి చూపించారు. 1980లలో కర్ణాటక ప్రభుత్వం పెద్ద పెద్ద కరెంటు ప్లాంట్ల ప్రణాళిక వేసినప్పుడు, అమూల్య రెడ్డి గారూ ఆయన జట్టూ కూర్చుని వేరే లెక్క వేశారు. వృథా తగ్గిస్తే, పని కొచ్చే దీపాలూ మోటార్లూ వాడితే, చాలా తక్కువ కరెంటుతోనే అందరి ఇళ్ళలో దీపం పెట్టవచ్చని చూపించారు. మనిషికి కావలసింది యూనిట్లు కాదు, వెలుగు, నీళ్ళు, వండుకోవడం, పని అన్నది ఆయన వాదన సారాంశం. ఆయన 2006లో కన్నుమూశారు.

అదే దారిలో ఇంకొందరు నడిచారు. 1993లో బెంగుళూరులో మొదలైన 'టైడ్' అనే సంస్థ చిన్న పరిశ్రమల పొయ్యిల మీద పనిచేసింది. పట్టు రీలింగు, బట్టల అద్దకం, బెల్లం వండటం లాంటి పనుల్లో కట్టె తక్కువ తినే పొయ్యిలు పెట్టింది. ఆ పనికి 2008లో ఇంగ్లండులో ఇచ్చే ఆష్‌డెన్ బహుమతి వచ్చింది. శిడ్లఘట్ట నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళకు రీలింగు అంటే ఏమిటో తెలుసు. పట్టుగూళ్ళు ఉడికే నీళ్ళలో చేతులు, కళ్ళలో పొగ. అక్కడ పొయ్యి బాగుపడితే ముందు బాగుపడేది పనిచేసే ఆడమనిషి కళ్ళు, ఊపిరి. యజమానికి కట్టె ఖర్చూ తగ్గుతుంది.

1995లో హరీశ్ హండే గారు మొదలుపెట్టిన సెల్కో సంస్థ కూడా బెంగుళూరుదే. కరెంటు సరిగా రాని ఇళ్ళకు, చేతిపనుల వాళ్ళకు సోలారు దీపాలు వాయిదాల మీద దొరికేటట్టు బ్యాంకులతో మాట్లాడి ఏర్పాటు చేసింది. కుట్టు మిషన్లు కూడా సోలారు మీద నడిపించింది. ఆయనకు 2011లో మెగసెసే అవార్డు వచ్చింది.

వీళ్ళందరిలో ఒక సమాన గుణం ఉంది. ముందు పనిచేసేవాడి దగ్గర కూర్చుని అడిగారు. నీ పొయ్యి ఎందుకు పొగస్తోంది, నీకు దీపం ఎన్ని గంటలు కావాలి అని అడిగి, ఆ తర్వాత లెక్క వేశారు. మన మిల్లుకు వచ్చే ఇంజనీరు కూడా అట్లాగే మన దగ్గర కూర్చోవాలని మనం కోరుతున్నాం.

మిల్లులో వృథా ఎక్కడుందో మనకు తెలుసు

ఇప్పుడు మిల్లులోకి వద్దాం. స్పిన్నింగు మిల్లులో పత్తి తర్వాత పెద్ద ఖర్చుల్లో కరెంటు ఒకటి. ఆ కరెంటులో ఎక్కువ భాగం రింగ్ ఫ్రేములు తింటాయి. తర్వాత హ్యుమిడిఫికేషను ప్లాంటు, కంప్రెసరు. అద్దకం మిల్లులో అయితే ఆవిరిదే రాజ్యం.

కంప్రెసరు సంగతి చూడండి. గాలి గొట్టంలో మూడు మిల్లీమీటర్ల చిల్లు ఉందనుకోండి, చీపురు పుల్లంత. ఏడు బార్ల ఒత్తిడిలో ఆ ఒక్క చిల్లు నుంచి పోయే గాలిని తయారు చేయడానికి కంప్రెసరు సుమారు మూడు కిలోవాట్ల కరెంటు తింటుంది. రోజుకు 24 గంటలు, ఏడాదికి 300 రోజులు మిల్లు నడిస్తే 21,600 యూనిట్లు. యూనిటు ఏడు రూపాయలు వేసుకున్నా లక్షా యాభై ఒక్క వేలు. ఒక్క చిల్లుకు! ఆ చిల్లు ఎక్కడుందో ఎవరికి తెలుసు? రాత్రి షిఫ్టులో యంత్రాలు ఆగిన ఐదు నిమిషాల్లో 'సుయ్' మని శబ్దం వినే మనిషికి తెలుసు.

ఆవిరి సంగతి తీసుకోండి. బట్ట ఆరబెట్టిన ఆవిరి చల్లబడి వేడి నీళ్ళవుతుంది. ఆ నీళ్ళను కాలువలో వదలకుండా మళ్ళీ బాయిలరుకు పంపాలి. బాయిలరులోకి పోయే నీళ్ళ వేడి ఆరు డిగ్రీలు పెరిగితే ఇంధనం ఒక శాతం తగ్గుతుందని ఇంజనీర్ల లెక్క. కాలువలో పొగలు కక్కుతూ పోతున్న నీళ్ళను మనం రోజూ చూస్తాం. అవి యజమాని డబ్బులే కాదు, అడవిలో నరికిన కట్టెలు కూడా.

నేను రింగ్ ఫ్రేముల్లో సైడరుగా పని మొదలుపెట్టి చాలా ఏళ్ళు చేశాను. ఒక మిల్లులో, పేరు చెప్పను, ఆడిట్ చేసేవాళ్ళు మూడు రోజులున్నారు. మేనేజరు గదిలో కూర్చున్నారు, లాగ్ బుక్కు చూశారు, మీటర్లు పెట్టారు. మంచి చదువుకున్న పిల్లలు, కష్టపడ్డారు కూడా. మూడో రోజు టీ బంకు దగ్గర బాయిలరు ఫైర్‌మన్ ఒకాయన వాళ్ళలో ఒక అబ్బాయితో మాట కలిపాడు. "సార్, జిగ్గర్ల వైపు ఆవిరి ట్రాపు దీపావళి నుంచి నోరు తెరుచుకునే ఉంది, ఎన్నిసార్లు చెప్పినా స్పేరు రాలేదు" అన్నాడు. ఆ అబ్బాయి వెంటనే లేచి వెళ్ళి చూశాడు. నిజమే. ఆ ఆడిట్‌లో తేలిన పెద్ద నష్టాల్లో అది ఒకటయింది. రిపోర్టులో ఫైర్‌మన్ పేరు రాలేదు. మార్పు వచ్చాక ఆయనకు ఒక లడ్డూ ప్యాకెట్టు కూడా రాలేదు.

ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను. అతను విన్నాడు. వినే ఏర్పాటు మిల్లులో లేదు, అదే లోపం. ఆ ఏర్పాటు ఒప్పందంలో రాయించుకోవాలి.

ఆదా ఎవరి ఒంటి మీద?

ఆదా అంటే అన్నీ మంచివే అని కూడా అనుకోకండి. ఫ్యాను గురించి ఒక లెక్క ఉంది. ఫ్యాను వేగాన్ని నూటికి ఇరవై తగ్గిస్తే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే ఎనర్జీ మేనేజరు కన్ను మొదట హ్యుమిడిఫికేషను ఫ్యాన్ల మీద పడుతుంది. ఇన్వర్టరు డ్రైవు పెడతాడు, వేగం తగ్గిస్తాడు, బిల్లు తగ్గుతుంది. వానాకాలంలో, చలికాలంలో అది సరైన పనే. అప్పుడు అంత గాలి అవసరం లేదు.

కాని ఏప్రిల్, మే నెలల్లో కూడా అదే వేగంలో ఉంచితే? డిపార్టుమెంటులో ఉక్క. వైండింగులో నిలబడి పనిచేసే అక్కచెల్లెళ్ళు చెమటలో తడిసిపోతారు. గాలి మార్పిడి తగ్గితే పత్తి దుమ్ము గాల్లోనే నిలుస్తుంది. బ్లోరూములో, కార్డింగులో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళకు వారం సెలవు తర్వాత మొదటి రోజు ఛాతీ పట్టేస్తుంది. దాన్ని డాక్టర్లు బిసినోసిస్ అంటారు. అది మొదట్లో పోతూ వస్తూ ఉంటుంది, తర్వాత ఉండిపోతుంది. కరెంటు బిల్లులో తగ్గిన డబ్బు మన ఆసుపత్రి బిల్లులో తేలితే దాన్ని ఆదా అనరు. ఖర్చును ఒక జేబు నుంచి ఇంకో జేబుకు మార్చడం అంటారు.

కాబట్టి మన కోరిక ఫ్యాన్లు తగ్గించవద్దు అని కాదు. ఫ్యాను వేగం తగ్గించే ముందు, తగ్గించిన తర్వాత డిపార్టుమెంటులో వేడి ఎంత, తేమ ఎంత, దుమ్ము ఎంత అని కొలవండి, ఆ కొలత గోడ మీద అంటించండి అని. కరెంటు కొలిచే మీటరు ఉన్నవాడికి వేడి కొలిచే మీటరు కొనడం కష్టం కాదు.

నీళ్ళ సంగతి: తిరుపూరు, బెళ్ళందూరు

పర్యావరణం మన తిండికి సంబంధం లేదనుకునేవాళ్ళు తిరుపూరును చూడాలి. అద్దకం నీళ్ళు ఏళ్ళ తరబడి నొయ్యల్ నదిలో వదిలారు. కింద రైతుల పొలాలు, బావులు పాడయ్యాయి. రైతులు కోర్టుకు వెళ్ళారు. చుక్క మురుగు కూడా బయటికి వదలరాదని కోర్టు చెప్పింది. పని జరగలేదు. 2011 జనవరి 28న మద్రాసు హైకోర్టు అద్దకం, బ్లీచింగు యూనిట్లను మూయించింది. సుమారు 700 యూనిట్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు మూటలు సర్దుకుని ఊళ్ళకు వెళ్ళిపోయారు.

రైతులది న్యాయమైన కోపం. వాళ్ళూ మన లాంటి శ్రామికులే. నీళ్ళు పాడుచేసిన తప్పు అద్దకం తొట్టి దగ్గర నిలబడ్డ కార్మికుడిది కాదు. శుద్ధి ప్లాంటు ఖర్చు తప్పించుకున్నవాళ్ళది. కాని గేటు మూసిన రోజు మొదట జీతం పోయింది కార్మికుడికే.

మన ఊళ్ళో బెళ్ళందూరు చెరువు నురగ కక్కింది, 2015లో, మళ్ళీ 2017, 2018లలో నిప్పు అంటుకుంది. 2018 జనవరిలో సైనికులు వచ్చి ఆర్పవలసి వచ్చింది. 2017 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెరువు చుట్టుపక్కల పరిశ్రమలను మూయమని ఆదేశించింది. ఆ చెరువులోకి పోయేది ఎక్కువగా ఊరి మురుగు నీళ్ళే. అయినా మొదటి వేటు ఫ్యాక్టరీ గేటు మీద పడింది. అందువల్ల మన మిల్లు నీళ్ళు శుభ్రంగా ఉన్నాయా లేదా అన్నది మన ఉద్యోగ భద్రతకు సంబంధించిన ప్రశ్న. శుద్ధి ప్లాంటు రాత్రిపూట ఆపేసి కాలువలోకి వదిలితే, రేపు గేటు మూసినప్పుడు ఇంటికి పోయేది మనమే. కాబట్టి ప్లాంటు నడుస్తోందా లేదా అని చూసే హక్కు మనకు ఉండాలి.

ఇక్కడే ఒక ప్రాణాంతకమైన విషయం ఉంది. శుద్ధి ప్లాంటు తొట్టెల్లో అడుగున బురద పేరుకుంటుంది. అందులో విషవాయువులు ఉంటాయి. బయట నుంచి మనిషిని పిలిచి, తాడు కూడా లేకుండా దిగమంటారు. ఒకడు పడిపోతే కాపాడబోయిన రెండోవాడూ పోతాడు. ఫ్యాక్టరీ చట్టంలో 36వ సెక్షను దీన్ని ఎన్నడో నిషేధించింది. గాలి పరీక్షించకుండా, బెల్టు, తాడు లేకుండా ఎవరినీ దింపకూడదు. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు వస్తుంది, మనిషి రాడు. 'పర్యావరణ రక్షణ' పేరుతో కట్టిన ప్లాంటులో మనిషి చావడం కంటే సిగ్గుచేటు లేదు.

పావగడ నేర్పిన పాఠం

మనలో చాలామంది పావగడ, మడకశిర, హిందూపురం వైపు నుంచి వచ్చినవాళ్ళు. పావగడ కర్ణాటకలో ఉన్నా ఇళ్ళలో తెలుగే ఎక్కువ వినబడుతుంది. చుట్టూ మన అనంతపురం సీమే. అక్కడి సోలారు పార్కును బస్సులో పోతూ మీరు చూసే ఉంటారు. తిరుమణి, వళ్ళూరు మొదలైన ఐదు ఊళ్ళలో సుమారు 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. 2018 మార్చిలో మొదటి భాగం ప్రారంభమైంది. 2019 చివరికి మొత్తం పూర్తయింది.

అక్కడ ఒక మంచి పని జరిగింది. రైతుల భూమి లాక్కోలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలతో మొదలై, కొన్నేళ్ళకొకసారి పెరిగే ఒప్పందం. వానలు లేక వేరుశనగ ఎండిపోయే సీమలో అది చిన్న మాట కాదు. భూమి రైతు చేతి నుంచి పోలేదు.

కాని భూమి లేనివాడి సంగతి? ఆ 13,000 ఎకరాల్లో కలుపు తీసి, కాయ కోసి బతికిన కూలీలకు కౌలు రాదు. గొర్రెలు మేపుకునేవాళ్ళకు బీడు పోయింది. పలకలు కడగడం, గడ్డి కోయడం, కాపలా లాంటి కొన్ని ఉద్యోగాలు వచ్చాయి, అవీ కాంట్రాక్టు మీదే. అందుకే అక్కడి కూలీల పిల్లలు బస్సెక్కి బెంగుళూరు గార్మెంట్లకు వస్తున్నారు. వాళ్ళు ఇప్పుడు మన సభ్యులు.

ఒప్పందంలో పేరు ఉన్నవాడికి వాటా వచ్చింది. పేరు లేనివాడికి రాలేదు. మిల్లులో కూడా ఇదే జరుగుతుంది. కట్టె బాయిలరు తీసి గ్యాసు బాయిలరు పెట్టిన రోజు కట్టెలు మోసే పదిమంది పేరు ఎక్కడా రాసి ఉండకపోతే, వాళ్ళు 'పర్యావరణం' కోసం ఇంటికి పోతారు. పొగ పోవాలి, నిజమే. పొగతో పాటు మనిషి పోకూడదు.

ఇది మనం ఒక్కరమే అంటున్న మాట కాదు. 2015లో పారిస్‌లో దేశాలన్నీ కలిసి చేసుకున్న వాతావరణ ఒప్పందం పీఠికలోనే, మార్పు కార్మికులకు న్యాయంగా ఉండాలని రాశారు. ప్రపంచంలోని కార్మిక సంఘాలు పోరాడి రాయించిన మాట అది.

"జీతం ముందు" అన్న తమ్ముడికి

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకు వస్తాను. జీతం ముందు, నిజమే. కాని మిల్లు ఉంటే కదా జీతం. బెంగుళూరులో ఎన్ని మిల్లులు పోయాయో పెద్దవాళ్ళను అడుగు. మల్లేశ్వరంలో రాజా మిల్లు ఉన్న చోట ఇప్పుడు మంత్రి మాల్ ఉంది. బిన్నీ మిల్లు స్థలంలో అపార్టుమెంట్లు లేచాయి. మినర్వా మిల్లు పేరు సుప్రీంకోర్టు తీర్పుల్లో మిగిలింది. అవి పోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. పాత యంత్రాలు, బాగుచేయడానికి డబ్బు పెట్టకపోవడం, మిల్లు కంటే మిల్లు స్థలానికి ఎక్కువ ధర రావడం. వృథాతో నడిచే మిల్లు ముందుగా మూతపడే మిల్లు. కాబట్టి వృథా తగ్గించడం మన ఉద్యోగానికి కూడా కాపలా.

రెండోది. రేపు చర్చల్లో యాజమాన్యం "కరెంటు చార్జీలు పెరిగాయి, పెంచలేం" అంటుంది. ఆ రోజు మన దగ్గర లెక్క ఉండాలి. ఎన్ని యూనిట్లు ఆదా అయ్యాయి, కప్పు మీద సోలారు ఎంత ఇచ్చింది, సర్టిఫికెట్లు ఎంతకు అమ్మారు. లెక్క లేని నోటికి బలం లేదు.

మూడోది. మన భద్రతా హక్కు కాగితం మీద ఉంది. 1984లో భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987లో ఫ్యాక్టరీ చట్టం సవరించి, ప్రమాదకరమైన పరిశ్రమల్లో భద్రతా కమిటీలో కార్మికులకు సమాన స్థానం ఇచ్చారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లు ఆ చట్టం స్థానంలో నిలిచాయి. కోడ్‌ల మీద మన అభ్యంతరాలు చాలా ఉన్నాయి, వాటి మీద పోరాటం వేరే నడుస్తోంది. అయినా భద్రతా కమిటీ అన్న మాట అందులోనూ ఉంది. ప్రమాదం పొంచి ఉందని భయం ఉంటే యజమానికీ, అధికారికీ చెప్పే హక్కు ఉంది. ఉన్న హక్కును వాడుకోకపోతే తుప్పు పడుతుంది.

కోరికల పత్రంలో చేర్చదలచినవి

కార్యవర్గం తరఫున ఈ ఆరు కోరికలు మీ ముందు ఉంచుతున్నాను.

1. ప్రతి మిల్లులో ఇంధనం, నీటి కమిటీ ఉండాలి. అందులో సగం మంది కార్మికులు ఎన్నుకున్నవారు కావాలి. బాయిలరు, హ్యుమిడిఫికేషను, శుద్ధి ప్లాంటు, డైయింగు విభాగాల నుంచి ఒక్కొక్కరు తప్పనిసరి. వారిలో కనీసం ఇద్దరు మహిళలు ఉండాలి.

2. ఎనర్జీ ఆడిట్‌కు వచ్చినవారు ప్రతి షిఫ్టు కార్మికులతో మాట్లాడాలి. రిపోర్టు సారాంశం తెలుగులో, కన్నడంలో, తమిళంలో నోటీసు బోర్డు మీద పెట్టాలి.

3. ఆదా అయిన డబ్బులో, సర్టిఫికెట్ల మీద వచ్చిన డబ్బులో ఒక నిర్ణీత వాటా కార్మికులకు చెందాలి. కాంట్రాక్టు కార్మికులకు కూడా. వాటా ఎంత అన్నది చర్చల్లో తేల్చుకుందాం.

4. ఫ్యాన్లు, గాలి, వెలుతురు తగ్గించే ఏ మార్పుకూ ముందు, తర్వాత వేడి, తేమ, దుమ్ము కొలవాలి. కొలత చూపకుండా మార్పు చేయరాదు.

5. శుద్ధి ప్లాంటు తొట్టెల్లోకి మనిషిని దింపరాదు. యంత్రంతోనే బురద తీయాలి. ప్లాంటులో పనిచేసేవారికి ఏడాదికి రెండుసార్లు వైద్య పరీక్ష చేయించాలి.

6. బాయిలరు మార్చినా, కొత్త యంత్రం తెచ్చినా ఒక్క మనిషినీ తీసేయరాదు. కొత్త పనికి జీతంతో కూడిన శిక్షణ ఇవ్వాలి. మన పిల్లల్లో ఐ.టి.ఐ. చదివినవారికి సోలారు, బాయిలరు, శుద్ధి ప్లాంటు ఉద్యోగాల్లో ముందు అవకాశం ఇవ్వాలి.

మన వంతు పని కూడా ఉంది. యాజమాన్యం కమిటీ వేసేదాకా ఆగనక్కరలేదు. వచ్చే నెల రోజులు ప్రతి విభాగంలో ఒక నోటు పుస్తకం పెట్టండి. గాలి ఎక్కడ లీకవుతోంది, ఆవిరి ఎక్కడ పోతోంది, వేడి నీళ్ళు ఎక్కడ కాలువ పాలవుతున్నాయి, ఖాళీ యంత్రం ఎన్ని గంటలు తిరిగింది, శుద్ధి ప్లాంటు ఏ రాత్రి ఆగింది, తేదీతో, షిఫ్టుతో రాయండి. రాయడం రానివారు చెప్పండి, పక్కవారు రాస్తారు. ఎవరి మీదా ఫిర్యాదు రాయవద్దు, వస్తువు సంగతే రాయండి. ఫిట్టరు తప్పు అని కాదు, స్పేరు రాలేదు అని రాయండి. ఆ పుస్తకాలతో చర్చలకు వెళ్తే మన మాటకు బరువుంటుంది. చదువుకున్న ఇంజనీరు కూడా ఆ పుస్తకం తెరిచి చూస్తాడు, ఎందుకంటే అతనికి మూడు రోజుల్లో దొరకనిది అందులో మూడు వందల అరవై ఐదు రోజులకు ఉంటుంది.

ఈ ఆరు కోరికల మీద ఇప్పుడు చర్చ, తర్వాత చేతులెత్తడం. వద్దనేవాళ్ళు కూడా లేచి మాట్లాడండి. ఒప్పుకున్నాక మాత్రం అందరం ఒకే మాట మీద నిలబడాలి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి.

(ప్రసంగం తర్వాత జరిగిన చర్చలో పదకొండు మంది సభ్యులు మాట్లాడారు. మూడో కోరికలో కాంట్రాక్టు కార్మికుల మాట ఉండాలా అన్న దానిపై వాదన జరిగింది, ఉండాలనే తీర్మానం నెగ్గింది. ఆరు కోరికలనూ సభ ఆమోదించింది. నోటు పుస్తకాలు సంఘం ఆఫీసులో ఉచితంగా ఇస్తారు. - సంపాదకవర్గం)